ఇంటి రక్షణకు, షూటింగ్ సాధనకు రివాల్వర్: విజయవాడ, గుంటూరు వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

విజయవాడ వన్ టౌన్‌లో మాది బట్టల హోల్‌సేల్ వ్యాపారం. 2006 నుంచి నా పేరున 32 బోర్ రివాల్వర్ లైసెన్స్ ఉంది. బోర్ అంటే తుపాకీ గొట్టం లోపలి కొలత; 32 అన్నా .32 అన్నా ఒకటే. ఆ సంగతి తెలిసిన బంధువులు, తోటి వ్యాపారులు, గుంటూరు మిర్చి యార్డు స్నేహితులు ఫోన్ చేసి ఇంచుమించు ఒకే ప్రశ్నలు అడుగుతుంటారు. "అన్నా, బాగా పవర్‌ఫుల్‌ది ఏది?" అన్నది ఎప్పుడూ మొదటి ప్రశ్న. ఒక్కొక్కరికీ ఫోన్లో అరగంట చెప్పినా సగం మర్చిపోతున్నారు. అందుకే రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్న మీదైతే దాని జవాబు ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది.

## లైసెన్స్‌కు ముందు

మా ఇంటికి రివాల్వర్ నిజంగా అవసరమా?

నన్ను అడిగినవాళ్లలో చాలామందికి అవసరం లేదనే చెప్పాను. రాత్రిపూట దొంగల భయమే మీ బాధ అయితే ముందు ఇంటి చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. వెనక వైపు వంటింటి తలుపుకు ఇప్పటికీ చిన్న గడియే ఉందా? బాల్కనీకి గ్రిల్ ఉందా? మెట్ల దగ్గర లైటు వెలుగుతోందా? ఈ మూడూ సరిచేయడానికి రివాల్వర్ ఖరీదు కన్నా చాలా తక్కువే అవుతుంది. పైగా మీరు ఊళ్లో లేని రోజు కూడా అవి పని చేస్తాయి.

అవసరం ఉన్నవాళ్లూ ఉన్నారు. సీజన్లో యార్డు నుంచి నగదు తెచ్చే కమీషన్ వ్యాపారులు, బంగారం పని చేసేవాళ్లు, ఊరికి దూరంగా తోటలో కాపురం ఉండేవాళ్లు, బెదిరింపులు వచ్చి పోలీసు ఫిర్యాదు దాకా వెళ్లినవాళ్లు. మీరు అందులో ఒకరైతే మీ కారణాన్ని ముందుగా ఒక కాగితం మీద నాలుగు వాక్యాల్లో రాయండి. రాయడానికి కలం కదలకపోతే దరఖాస్తు కూడా ముందుకు కదలదు.

లైసెన్స్ ఎవరిస్తారు? విజయవాడకు, గుంటూరుకు తేడా ఉందా?

ఉంది. విజయవాడ పోలీస్ కమిషనరేట్ పరిధిలోది కాబట్టి అధికారం పోలీస్ కమిషనర్‌ది. గుంటూరులో జిల్లా మేజిస్ట్రేట్, అంటే కలెక్టర్. విచారణ మాత్రం రెండు చోట్లా మీ పోలీస్ స్టేషన్ నుంచే మొదలవుతుంది. మీ మీద కేసులున్నాయా, చుట్టుపక్కల మీ గురించి ఏమనుకుంటున్నారు, మీరు చెప్పిన ముప్పు నిజమేనా అని చూస్తారు.

ఆయుధం ఉంచుకోవడం మన దేశంలో ప్రాథమిక హక్కు కాదు. 1959 ఆయుధాల చట్టం కింద ఇచ్చే అనుమతి మాత్రమే. "నా డబ్బు, నా ఇష్టం" అన్న ధోరణిలో వెళితే పని జరగదు.

ఏయే కాగితాలు కావాలి? ఎన్నాళ్లు పడుతుంది?

వయసు 21 నిండాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లో కేంద్ర హోం శాఖ ఆయుధ లైసెన్స్ పోర్టల్‌లో పెట్టాలి. గుర్తింపు, చిరునామా, ఫోటోలతో పాటు మానసికంగా, శారీరకంగా ఆరోగ్యంగా ఉన్నారని డాక్టర్ సర్టిఫికెట్, ఆయుధాన్ని జాగ్రత్తగా వాడటంలో శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్, తుపాకీని భద్రంగా దాచే ఏర్పాటు ఉందని హామీ పత్రం కావాలి. వ్యాపారులు ఆదాయపు పన్ను రిటర్నులు, బెదిరింపులు వచ్చినవాళ్లు ఫిర్యాదు కాపీలు జత చేస్తే కారణానికి బలం వస్తుంది.

2016 నిబంధనల ప్రకారం పోలీసు నివేదిక 30 రోజుల్లో రావాలి. నాకు తెలిసినవాళ్లలో అంత తొందరగా పని అయినవాళ్లు లేరు. నెలలు పడుతుందని మనసు సిద్ధం చేసుకోండి. "నేను చూసుకుంటా" అంటూ మధ్యలో వచ్చే మనిషికి మాత్రం ఒక్క రూపాయి ఇవ్వొద్దు. అలా వచ్చిన నకిలీ లైసెన్స్‌తో కొన్న రివాల్వర్ చట్టం దృష్టిలో దొంగ తుపాకీయే.

తిరస్కరిస్తే దారి ఉందా?

ఉంది. తిరస్కరించిన కారణాలు అధికారి రాతపూర్వకంగా నమోదు చేయాలి. ఆ ఉత్తర్వు మీద 30 రోజుల్లోపు అప్పీలు చేసుకోవచ్చు. గడువు దాటనివ్వకండి.

## ఏది ఎంచుకోవాలి

ఎంత పవర్ ఉంటే అంత మంచిది కదా? .357 మాగ్నమ్ తీసుకోమంటున్నారు

అన్నిటికన్నా ఎక్కువమంది అడిగేది ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

తూటా బలాన్ని బారెల్ (తుపాకీ గొట్టం) నుంచి బయటికి వచ్చేటప్పుడు ఉండే శక్తితో కొలుస్తారు. మన దగ్గర రివాల్వర్లలో మామూలుగా దొరికే .32 తూటాకు అది సుమారు 170 జూల్స్. 1935లో అమెరికా కంపెనీ స్మిత్ అండ్ వెస్సన్ తెచ్చిన .357 మాగ్నమ్‌కు సుమారు 700. 1955లో వచ్చిన .44 మాగ్నమ్‌కు 1,300 దాకా ఉంటుంది. కాగితం మీద చూస్తే .357 నాలుగు రెట్లు మెరుగనిపిస్తుంది. కానీ ఆ నాలుగు రెట్లలో మీ చేతికి తగిలే భాగమూ ఉంది.

ఒక పెద్దాయన దగ్గర పాతకాలం నాటి దిగుమతి .357 ఉండేది. షూటింగ్ రేంజ్‌లో ఆయన పక్కనే నిలబడి నన్ను ఆరు తూటాలు కాల్చనిచ్చారు. మొదటిది పేలగానే బారెల్ మూతి నా కనుబొమల ఎత్తుకు లేచింది. సిలిండర్ (తూటాలుండే తిరిగే భాగం) పక్క నుంచి మంట బయటికి చిమ్మింది. పట్టు జారి చేయి మళ్లీ సర్దుకునేసరికి ఒక నిమిషం గడిచినట్టే అనిపించింది. రెండో తూటాకు ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుపోయాయి. దెబ్బ తగులుతుందని శరీరం ముందే బెదిరిపోయింది. ఆరింటిలో రెండే లక్ష్యం కాగితం మీద పడ్డాయి. అదే రోజు నా .32తో ఆరుకు ఆరూ అరచేయంత జాగాలో పడ్డాయి. పట్టపగలు, చెవులకు మఫ్‌లు పెట్టుకుని, తీరిగ్గా నిలబడి కాల్చినప్పుడే నా పరిస్థితి అది. అర్ధరాత్రి నిద్ర మత్తులో, గుండె దడదడలాడుతుంటే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇంకో సంగతి గోడలు. పటమటలోనో, బ్రాడీపేటలోనో మనవన్నీ ఒకదానికొకటి ఆనుకున్న ఇళ్లు. ప్లైవుడ్ తలుపు, కిటికీ అద్దం, జిప్సం బోర్డు అడ్డం .32 తూటానే ఆపలేవు. .357కైతే అలాంటివి రెండు మూడు వరసగా ఉన్నా లెక్క లేదు. గురి తప్పిన తూటా పక్క ఫ్లాట్‌లో నిద్రపోతున్న పాపాయి మంచం దాకా వెళ్లగలదు.

శబ్దం కూడా ఆలోచించండి. 140 డెసిబెల్స్ దాటిన పేలుడు ఒక్కసారి విన్నా చెవికి శాశ్వత నష్టం జరగొచ్చు. రివాల్వర్లన్నీ ఆ గీత దాటేవే. నాలుగు గోడల మధ్య .357 పేలితే కొంతసేపు మీకు ఏమీ వినిపించదు. పిల్లలు ఏ గదిలో ఏడుస్తున్నారో కూడా తెలియదు.

అందుకే నేను పవర్‌ను తూటాలో చూడను. ఆరు తూటాలూ అనుకున్న చోట పడేలా మీరు అదుపు చేయగలిగిన రివాల్వరే మీకు పవర్‌ఫుల్.

మరి 32 బోర్‌కు దొంగ ఆగుతాడా?

ఆగుతాడని ఏ బోర్‌కూ హామీ ఇవ్వలేం. సినిమాల్లోలాగా తూటా తగిలిన మనిషి ఎగిరి పడడు. .32 బలహీనమైన తూటా అన్నది నిజమే, నేను దాచను. కానీ చేతిని పెద్దగా తన్నదు, తూటాలు దొరుకుతాయి, సాధన చేయగలరు. ఇంట్లో గది పొడవు 12, 15 అడుగులు. ఆ దూరంలో సరిగ్గా పడిన .32, తప్పిపోయిన .44 కన్నా ఎన్నో రెట్లు మేలు.

38 రివాల్వర్, 9 ఎం.ఎం. పిస్టల్ ఎందుకు ఇవ్వరు?

సైన్యం, పోలీసులు వాడే సర్వీస్ తూటాల బోర్లను చట్టం నిషిద్ధ బోర్లుగా పెట్టింది. 9 ఎం.ఎం., .38 సర్వీస్ రివాల్వర్, .303 రైఫిల్ ఆ కోవలోవి. వాటికి అనుమతి కేంద్ర హోం శాఖ చేతిలోనే ఉంటుంది. మామూలు పౌరులకు దాదాపు దొరకదు. వాటి మీద ఆశ పెట్టుకుని కాలం వృథా చేయకండి.

రివాల్వరా, పిస్టలా? ఇంటికి ఏది మంచిది?

రోజూ సాధన చేసేవాళ్లకు పిస్టల్ బాగుంటుంది. తూటాలు ఎక్కువ పడతాయి, సిలిండర్ ఉండదు కాబట్టి సన్నగా ఉంటుంది. కానీ మ్యాగజైన్ (తూటాల పెట్టె), స్లయిడ్ (వెనక్కి లాగే పై భాగం), సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) అన్నీ చేతికి అలవాటై ఉండాలి. తూటా ఇరుక్కుంటే తీయడం రావాలి. ఏడాదికి రెండు మూడుసార్లు మాత్రమే రేంజ్‌కు వెళ్లగలిగే మనలాంటివాళ్లకు నా ఓటు రివాల్వర్‌కే. ఒక తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే తర్వాతి తూటా ముందుకొస్తుంది. సిలిండర్ తెరిస్తే లోపల తూటాలున్నాయో లేవో కళ్లకు కనిపిస్తుంది. ఇంట్లో పిల్లలున్నవాళ్లకు ఈ చివరి గుణం ఒక్కటే చాలు.

మన దేశపు రివాల్వర్లలో పాత మార్క్ 3, నిర్భీక్, ప్రబల్ అంటున్నారు. తేడా ఏమిటి?

మూడూ .32 బోర్‌వే, మూడూ ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల తయారీయే. మార్క్ 3 పాత బ్రిటిష్ వెబ్లీ రివాల్వర్ల పద్ధతిలో నడుము దగ్గర విరిచి తెరిచేది. ఆరు తూటాలు, మూడు అంగుళాల బారెల్, బరువు 700 గ్రాముల దరిదాపు. నా దగ్గరున్నది ఇదే. ఆ బరువు వల్లే కాల్చినప్పుడు చేతిలో కుదురుగా ఉంటుంది.

నిర్భీక్ 2014లో వచ్చింది. టైటానియం మిశ్రమ లోహం, అర కిలో బరువు. ఆడవాళ్ల కోసమని చెప్పి తెచ్చారు, అప్పట్లో ధర 1,22,360 రూపాయలు. హ్యాండ్‌బ్యాగులో పెట్టుకోవడానికి తేలికే గానీ, తేలికైన కొద్దీ కుదుపు ఎక్కువ తెలుస్తుంది. ఇంట్లో లాకర్‌లో పెట్టేదానికి ఆ తేలికదనానికి డబ్బు పోయడం ఎందుకని నా అభిప్రాయం.

ప్రబల్‌ను 2023లో కాన్పూర్ సంస్థ విడుదల చేసింది. దీని సిలిండర్ పక్కకు తెరుచుకుంటుంది. ఖాళీ చేయడం, నింపడం, తనిఖీ చేయడం సులువు. 50 మీటర్ల దూరం దాకా పనిచేస్తుందని ప్రచారం చేశారు. ఇంట్లో వాడేదానికి ఆ అంకెతో పని లేదు. కొత్తగా కొనేవాళ్లు పక్కకు తెరుచుకునే రకాన్ని ముందు చూడమని చెబుతాను.

విదేశీ స్మిత్ అండ్ వెస్సన్, కోల్ట్ సెకండ్ హ్యాండ్‌లో ఉన్నాయట, కొనమంటారా?

సరదా కోసం అయితే మీ ఇష్టం. ఇంటి రక్షణకైతే వద్దంటాను. 1980ల మధ్య నుంచి మామూలు పౌరులు విదేశీ తుపాకులు దిగుమతి చేసుకునే వీలు లేదు. దేశంలో తిరుగుతున్నవి దాదాపు అంతకుముందు వచ్చినవే. సరుకు తక్కువ, కోరేవాళ్లు ఎక్కువ కాబట్టి ధరలు లక్షల్లో పలుకుతాయి. పనితనం గొప్పదే, కాదనను. కానీ చిన్న స్ప్రింగ్ విరిగితే అసలు భాగం దొరకదు, కొన్ని బోర్ల తూటాలూ దొరకవు. దొరకని తూటాతో సాధన ఎలా చేస్తారు?

నా చేతికి సరిపోతుందో లేదో ఎలా చూసుకోవాలి?

దుకాణంలో ఖాళీ రివాల్వర్ అడిగి తీసుకోండి. సిలిండర్ తెరిచి ఆరు రంధ్రాలూ మీరే చూడండి. తర్వాత పిడిని బొటనవేలికి, చూపుడువేలికి మధ్య ఉండే చర్మంలో గట్టిగా ఆనించి పట్టుకోండి. చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్ మీదికి హాయిగా అందాలి. వేలి కొన మాత్రమే అందితే పిడి మీకు పెద్దది.

ఇప్పుడు హామర్ (వెనక ఉండే, తూటాను పేల్చే సుత్తి లాంటి భాగం) వెనక్కి లాగకుండా నేరుగా ట్రిగ్గర్ నొక్కండి. సుమారు ఐదు కిలోల బలం కావాలి. గబుక్కున లాగకుండా నిదానంగా, ముందు సైట్ (బారెల్ కొన మీద గురి చూసే మొన) కదలకుండా పది సార్లు నొక్కగలరా? మా ఆవిడ నాలుగోసారికే రెండో వేలు సాయం తెచ్చుకుంది. అప్పుడే తెలిసింది, వేళ్ల బలం ముందు పెంచుకోవాలని. రెండు నెలలు మెత్తని రబ్బరు బంతి పిసికితే తేడా కనిపించింది. హామర్ వెనక్కి లాగి నొక్కితే రెండు కిలోలే చాలు. లక్ష్యం కాగితం మీద సాధనకు అది బాగుంటుంది. భయంలో మాత్రం హామర్ లాగి పట్టుకోవడం ప్రమాదం, వేలు వణికినా పేలుతుంది.

## కొనేటప్పుడు

పాత రివాల్వర్ మంచిదో కాదో ఎలా తెలుస్తుంది?

నేను మొదట ఒక సెకండ్ హ్యాండ్ రివాల్వర్ చూశాను. పైన నల్లగా నిగనిగలాడుతోంది, పిడి కొత్తది. అమ్మే ఆయన "కడిగిన ముత్యం" అన్నారు. నాతో వచ్చిన రిటైర్డ్ పోలీసు ఆర్మరర్ (తుపాకులు బాగుచేసే ఆయన) దాన్ని చెవి దగ్గర పెట్టుకుని హామర్ నెమ్మదిగా లాగారు. సిలిండర్ తిరిగి గడిలో పడేటప్పుడు 'టిక్' అనాలి. ఆరింటిలో నాలుగోది అనలేదు. హామర్ పూర్తిగా వెనక్కి వచ్చినా ఆ గడి తాళం పడలేదు. అంటే ఆ తూటా బారెల్‌కు ఎదురుగా నిలవదు, సీసం అంచు కోసుకుని పక్కకు చిమ్ముతుంది. కాల్చేవాడి ముఖానికే ముప్పు. మేం దండం పెట్టి వచ్చేశాం.

మీరూ అలాగే చూడండి. ఖాళీ చేసి, ఆరు గడులూ ఒక్కొక్కటిగా. హామర్ వెనక్కి లాగి ఉంచి బొటనవేలితో ముందుకు నెడితే జారిపోకూడదు. బారెల్‌లోకి వెలుతురు పంపి చూస్తే లోపల మెలి తిరిగిన గాడులు పదునుగా కనిపించాలి. నల్లటి గుంటలుంటే తుప్పు తిన్నదని అర్థం. నంబరు లైసెన్స్‌లో, బిల్లులో, ఇనుము మీద ఒక్కటే ఉండాలి. గీకి మళ్లీ కొట్టినట్టు కనిపిస్తే చేతితో కూడా ముట్టుకోవద్దు.

32 పిస్టల్ తూటాలు రివాల్వర్‌లో వాడొచ్చా?

వాడకూడదు. పేరులో 32 ఉన్నా రెండూ వేరు. రివాల్వర్ తూటా .32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్, పొడవుగా ఉండి అడుగున అంచు బాగా బయటికి ఉంటుంది. పిస్టల్‌ది .32 ఏసీపీ, పొట్టిది. కొన్ని రివాల్వర్లలో దూరినంత మాత్రాన దానికోసం తయారైనట్టు కాదు. కొనేటప్పుడు పెట్టె మీద రాసింది చదవండి, లైసెన్స్‌లో రాసిన సంఖ్యకు మించి ఒక్క తూటా కూడా ఇంట్లో ఉంచకండి.

ఒకరి పేరున ఎన్ని ఉండొచ్చు?

2019 సవరణ తర్వాత గరిష్ఠంగా రెండు. అదే సవరణ లైసెన్స్ గడువును మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచింది. రెన్యువల్‌కు గడువు ముగియడానికి రెండు నెలల ముందే దరఖాస్తు పెట్టుకోండి.

## ఇంట్లో ఉంచుకోవడం

దిండు కింద పెట్టుకుంటేనే కదా అక్కరకు వచ్చేది?

దిండు కింద తుపాకీ పెట్టుకుని పడుకున్న ఇంట్లో ముందు దొంగ రాడు, మనవడు వస్తాడు. గోడకు బోల్టులతో బిగించిన చిన్న లాకర్ పెట్టించుకోండి. చీకట్లో తడిమి తీయగలిగేలా మీటల తాళం ఉన్నదైతే మంచిది. దాన్ని తెరవడం కూడా సాధన చేయాలి. నాకు మొదట్లో ముప్పై సెకన్లు పట్టేది, ఇప్పుడు ఆరేడు. తాళంచెవి దేవుడి పటం వెనక పెట్టేవాళ్లను చూశాను. ఇంట్లో పిల్లలు మొదట వెతికే చోటు అదే.

పిల్లలకు చూపించాలా, దాచాలా?

ఉందన్న సంగతి దాచినా దాగదు. మా అబ్బాయికి పదేళ్లప్పుడు ఖాళీ చేసి, సిలిండర్ తెరిచి ఒకసారి చూపించాను. నాలుగు మాటలే చెప్పాను. కనిపిస్తే ముట్టుకోకు, అక్కడి నుంచి వెళ్లిపో, వచ్చి మాకు చెప్పు, స్నేహితుల ముందు ఎత్తకు. చూశాక వాడి కుతూహలం సగం తగ్గింది. అయినా తాళం వేయడం మాత్రం ఒక్కరోజు కూడా మానలేదు.

ఇంట్లో ఒకరికి మనసు బాగోలేదు. రివాల్వర్ ఉంచవచ్చా?

వద్దు. ఈ ఒక్క విషయంలో ఆలోచించడానికి కూడా సమయం తీసుకోకండి. అప్పులు, పరీక్ష తప్పడం, ఇంట్లో గొడవ, తాగుడు, ఏ కారణమైనా సరే. లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ, పోలీస్ స్టేషన్‌లో గానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. మనిషి కుదుటపడ్డాక తెచ్చుకోవచ్చు. మాట్లాడటానికి మనిషి కావాలంటే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు. తుపాకీ మీ పేరునే ఉన్నా, కుంగిపోయింది మీరే అయినా, ఇదే మాట.

దసరాకు ఆయుధ పూజ చేశాక తుప్పు పట్టింది. ఎందుకు?

పసుపు, కుంకుమ వల్ల. ఓ స్నేహితుడి రివాల్వర్ సంక్రాంతికి తెరిస్తే హామర్ మొదట్లో, పిడి స్క్రూ చుట్టూ ఎర్రటి పొడి గట్టిపడి ఉంది. కుంకుమ అనుకున్నాం. పుల్లతో గీకితే కింద తుప్పు. తడి చేత్తో పెట్టిన బొట్టు కృష్ణా తీరపు తేమను పట్టి ఉంచింది. పూజ మానేయక్కర్లేదు. ముందు ఖాళీ చేయండి, రివాల్వర్‌ను పళ్లెంలో పెట్టి బొట్టు పళ్లేనికి పెట్టండి, అక్షింతలు వేయండి. అదే సాయంత్రం పొడిగుడ్డతో తుడిచి నూనె రాయండి.

తోలు కవరులో పెట్టి దాచకండి, తోలు తేమ పీలుస్తుంది. గుంటూరులో మిర్చి గోడౌన్లకు తీసుకెళ్లేవాళ్లు ఆ ఘాటు దుమ్ము సిలిండర్ ఇరుసులో చేరకుండా నెలకోసారైనా చూసుకోవాలి.

కొబ్బరి నూనె, ఆముదం రాయవచ్చా?

రాయకండి. కొన్నాళ్లకు జిగురుగా మారి ట్రిగ్గర్ కదలనివ్వవు. తుపాకీ నూనె రెండు చుక్కలు చాలు. బారెల్‌లోనూ, తూటా గడుల్లోనూ నూనె కారేలా వదలకండి.

## సాధన

ఊరి బయట తోటలో కాల్చి సాధన చేయవచ్చా?

చేయకూడదు. తోట మీదే అయినా సరే, సాధనకు అనుమతి ఉన్న రేంజ్‌కే వెళ్లాలి. బొప్పాయి చెట్టుకు గురిపెట్టిన తూటా ఆకుల్లోంచి దూసుకుపోయి పక్క చేలో కలుపు తీసే మనిషి దాకా వెళుతుంది.

ఇంట్లో తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కి సాధన చేయవచ్చా?

చేయవచ్చు, చేయాలి కూడా. నేను ఎక్కువ నేర్చుకుంది అలాగే. అసలు తూటాలు వేరే గదిలో పెట్టి తలుపు వేయండి. ఫైరింగ్ పిన్ (తూటాను గుచ్చి పేల్చే మేకు) దెబ్బతినకుండా డమ్మీ తూటాలు వేసుకోండి. వెనక మనుషులు ఉండే అవకాశం లేని ఇటుక గోడకు ఎదురుగా నిలబడండి. ముందు సైట్ మీద పావలా బిళ్ల నిలబెట్టి ట్రిగ్గర్ నొక్కితే బిళ్ల పడకూడదు. రోజుకు ఇరవై సార్లు, అంతకన్నా వద్దు. అలసిన వేలు తప్పుడు అలవాటు నేర్చుకుంటుంది. వేళ్లు ఎప్పుడూ సిలిండర్‌కు, బారెల్‌కు మధ్య సందు దగ్గరికి పోకుండా ఇప్పుడే అలవాటు చేసుకోండి. నిజం తూటా కాల్చేటప్పుడు అక్కడి నుంచి వేడి గ్యాస్ కోతలా వస్తుంది.

షూటింగ్ పోటీలకు వెళ్లాలని ఉంది, ఇదే రివాల్వర్ పనికొస్తుందా?

సరదా పోటీకి పనికొస్తుంది, పైకి ఎదగడానికి కాదు. పోటీల్లో 25 మీటర్ల సెంటర్ ఫైర్ విభాగానికి .32 తూటా ఇష్టమైనదే. జస్పాల్ రాణా 1994 హిరోషిమా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది ఆ విభాగంలోనే. కానీ అక్కడ వాడేవి ప్రత్యేకమైన టార్గెట్ పిస్టళ్లు.

పిల్లలకు ఆసక్తి ఉంటే 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టండి. .177 బోర్, 20 జూల్స్ లోపు ఎయిర్ గన్‌కు లైసెన్స్ అక్కర్లేదు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఆసియా క్రీడల దాకా వెళ్లింది పిస్టల్‌తోనే. జాతీయ రైఫిల్ సంఘానికి అనుబంధంగా ఉన్న క్లబ్‌లో చేరితే శిక్షణ, రేంజ్ రెండూ దొరుకుతాయి.

## అవసరం పడితే, చట్టం దగ్గర

దొంగ ఇంట్లోకి దూరితే కాల్చొచ్చా?

దూరాడు కదా అని కాల్చే హక్కు రాదు. భారతీయ న్యాయ సంహిత 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ గురించి చెబుతాయి. ప్రాణం పోతుందన్న, తీవ్రంగా గాయపడతామన్న సహేతుకమైన భయం ఉన్నప్పుడు, ఆత్మరక్షణ హక్కు ఎదుటివాడి ప్రాణం తీసేంతవరకు వెళుతుంది. దోపిడీ, సూర్యాస్తమయం నుంచి సూర్యోదయం లోపల ఇల్లు పగలగొట్టి చొరబడటం వంటి వాటికీ 41వ సెక్షన్ ఆ వీలు ఇస్తుంది. అయితే 37వ సెక్షన్ పగ్గం వేసింది. అవసరానికి మించి హాని చేయకూడదు, పోలీసులను పిలిచే వ్యవధి ఉంటే ఈ హక్కు లేదు. గోడ దూకి పారిపోతున్నవాడి వీపు మీద కాలిస్తే అది ఆత్మరక్షణ కాదు. ఆత్మరక్షణే అని కోర్టులో చూపించాల్సిన బాధ్యత మీది.

రాత్రి చప్పుడు వినిపిస్తే ఏం చేయాలి?

వెతుక్కుంటూ వెళ్లకండి. ఇంట్లోవాళ్లందరినీ ఒక గదిలోకి చేర్చి తలుపు గడియ పెట్టండి. ఒకరు 112కు ఫోన్ చేయాలి, ఒకరు గట్టిగా అరవాలి. లైట్లు వేయండి. రివాల్వర్ తలుపు వైపు ఉండాలి, వేలు ట్రిగ్గర్ బయట ఉండాలి. ఎదురుగా ఉన్నది ఎవరో కళ్లతో చూసేదాకా ట్రిగ్గర్ మీదికి వేలు పోకూడదు. అర్ధరాత్రి ఫ్రిజ్ తెరిచే కొడుకు, చెప్పకుండా హైదరాబాద్ బస్సు దిగి వచ్చిన బావమరిది కూడా చప్పుడే చేస్తారు.

పెళ్లి ఊరేగింపులో గాల్లోకి ఒకటి కాలిస్తే తప్పేంటి?

నేరం. 2019 సవరణ ప్రకారం రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పైకి పోయిన తూటా ఎవరో ఒకరి డాబా మీద దిగాల్సిందే.

నా లైసెన్స్‌తో హైదరాబాద్ తీసుకెళ్లవచ్చా?

లైసెన్స్ మీద ఏ ప్రాంతానికి చెల్లుతుందో రాసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ అని మాత్రమే ఉంటే గరికపాడు చెక్‌పోస్టు దాటిన క్షణం నుంచి మీ దగ్గర లైసెన్స్ లేనట్టే. ఉమ్మడి రాష్ట్రం రోజుల అలవాటుతో కారులో పెట్టుకుని బయలుదేరకండి.

ఎన్నికలప్పుడు పోలీసులు ఇచ్చేయమంటారు. ఇవ్వాలా?

నోటీసు వస్తే ఇవ్వాలి. బ్యాంకు కాపలా వంటి కొందరికి స్క్రీనింగ్ కమిటీ మినహాయింపు ఇస్తుంది. ఇచ్చే ముందు బాగా నూనె రాసి, నంబరు కనిపించేలా ఫోటో తీసుకుని, రసీదులో నంబరు, తూటాల సంఖ్య సరిగ్గా రాశారో చూసుకోండి. 2024లో నాది తిరిగి వచ్చేసరికి సిలిండర్ మీద వేలిముద్రల ఆకారంలో సన్నటి తుప్పు మచ్చలు ఉన్నాయి. అప్పటి నుంచి నూనె గుడ్డలో చుట్టి ఇస్తున్నాను.

నాన్నగారు పోయారు, ఆయన రివాల్వర్ బీరువాలో ఉంది. ఏం చేయాలి?

ఆయన లైసెన్స్ ఆయనతోనే పోయింది. బీరువాలో అలాగే ఉంచితే అది లైసెన్స్ లేని ఆయుధం. దినాలు అయ్యేదాకా ఆగకుండా పోలీస్ స్టేషన్‌కు ఫోన్ చేసి చెప్పండి. స్టేషన్‌లో గానీ, డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయండి. తర్వాత వారసులుగా మీ పేరున లైసెన్స్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు, లేదా డీలర్ ద్వారా అమ్మేయవచ్చు. పెద్దలు బతికి ఉండగానే ఇవ్వాలనుకుంటే 70 ఏళ్లు నిండినా, ఆ తుపాకీ తమ దగ్గర 25 ఏళ్లు ఉన్నా వారసుడి పేరుకు మార్పించే వీలు నిబంధనల్లో ఉంది. బీరువాలోంచి తీసేటప్పుడు లోడ్ అయి ఉందో లేదో మీకు తెలియకపోతే మీరు తీయకండి. స్టేషన్ నుంచి తెలిసినవాళ్లను పంపమని అడగండి, వచ్చి సిలిండర్ తెరిచి చూసే తీసుకెళతారు.